మనిషెత్తు నవ్వు

ఆ మిషన్ పచ్చి అబద్ధాలకోరు. కాట్రిడ్జ్‌లో ఇంకా మూడోవంతు ఇంకు దాచుకుని, అయిపోయింది మొర్రో అని మొత్తుకుంటుంది. బయటికి లాగి ఊపి చూస్తే లోపల గలగలమంటూనే ఉంటుంది. తెర మీద మాత్రం చావు కబురు చెప్పినట్టు ఎర్ర అక్షరాలు. మొత్తుకుని ఊరుకున్నా సరిపెట్టుకోవచ్చు. కాసేపు పోయాక, కొత్త కాట్రిడ్జ్ పెడితే గాని అచ్చు వేయనని మొండికేసి కూర్చుంటుంది. చూడటానికి గదిని అడ్డంగా ఆక్రమించిన, బ్యానర్లు అచ్చు వేసే పెద్ద మిషన్, బుద్ధి మాత్రం దొంగ బుద్ధి.

దాన్ని నడిపే మనిషికి నలభై దాటాయి, నడినెత్తిన జుట్టు పలచబడింది, సొంత షాపు ఉంది, పెళ్ళాం ఉంది. అయినా అన్న నోటి నుంచి వీధి నోటికి ఎక్కిన పేరు చిన్నోడు. ఇక అదే ఖాయమైపోయింది. పొద్దస్తమానం ఆ మిషన్‌తో వేగి వేగి, ఎర్ర అక్షరాలు కనిపిస్తే కంగారు పడే దశ ఎప్పుడో దాటిపోయాడు. "ఏడిశావులే" అంటాడు దానితో, మనిషితో అన్నట్టే.

అబద్ధానికి విరుగుడు లేకపోలేదు. కాట్రిడ్జ్ పక్కన గోరంత చిప్ ఉంటుంది. లోపల ఎంత ఇంకు మిగిలిందో మిషన్ చూడలేదు. తను ఎంత వాడిందో ఆ చిప్ మీద రాసుకుంటుంది, అంతే. రీసెట్టర్ అని అగ్గిపెట్టెంత పరికరం దొరుకుతుంది. దాన్ని చిప్‌కి ఆనించి పట్టుకుంటే పాత లెక్క చెరిగిపోతుంది. కాట్రిడ్జ్ నిండుగా ఉందని మిషన్ నమ్మేసి, కిక్కురుమనకుండా పని చేసుకుపోతుంది. పెద్ద మిషన్లు నడిపే వాళ్ళు చాలామంది చేసే పనే ఇది.

చిక్కల్లా ఆ తరవాతే. ఒకసారి లెక్క చెరిపాక ఇంకు నిజంగా అయిపోయినా మిషన్ నోరెత్తదు. అంతదాకా ఉన్నదాన్ని లేదన్న మిషన్, ఇక లేనిదాన్ని ఉందంటుంది. ఇంకు రాకుండా ఆడిస్తే హెడ్ కాలిపోతుంది. ఇంకును బట్ట మీద చిమ్మే భాగం అది, మిషన్‌కి ప్రాణం. అందుకే లెక్క చెరిపిన కాట్రిడ్జ్ మీద తెల్ల మార్కర్‌తో చుక్క పెట్టడం ఆ షాపులో కట్టుబాటు. చుక్క కనిపించిందంటే తెరను నమ్మకూడదు. ప్రతి పనికీ ముందు చేత్తో తీసి ఊపి చూసుకోవాలి.

ఆ కట్టుబాటు పెట్టింది అతని భార్య. ఆ మధ్య చుక్క ఎదురుగా కనిపిస్తున్నా, ఇంకొక్క బ్యానర్‌కి వస్తుందిలే అని అతను లాగించబోతే, ఆఖరి నిమిషంలో ఆమే మిషన్ ఆపింది. ఆ రోజు ఇంట్లో పెద్ద రాద్ధాంతం జరిగింది. ఇక రీసెట్టర్ ముట్టుకోనని ఆమె మీద ఒట్టు వేశాక గాని ఆమె కంచం ముందు కూర్చోలేదు. రీసెట్టర్ ఆమె సొరుగులోకి వెళ్ళిపోయింది. సొరుగుకి తాళం మాత్రం వేయలేదు. మొగుడు మాట ఇచ్చాక తాళం దేనికని ఆమె అనుకుంది.

ఇక అన్న సంగతి. ఆయన బొమ్మలాయన. సినిమా హాళ్ళ ముందు పరంజా ఎక్కి ఇంటెత్తు మొహాలు వేసి బతికినవాడు. తమ్ముడు మిషన్ పెట్టాక ఆయన చేతికి పని లేకుండా పోయింది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు, ఆయన తప్ప. "నా కుంచెలన్నీ మింగేసి బలిసిందిరా నీ మిషన్" అనేవాడు నవ్వుతూ. అంటూనే దాని పక్కన కుర్చీ వేసుకుని, బుగ్గ మీద ఎరుపు ఎక్కువైంది, మెడ కింద నీడ తగ్గించు అని రంగులు దిద్దించేవాడు. ఈ షాపులో మొహాలు మొహాల్లా వస్తాయని పేరు రావడం ఆయన చలవే. చిన్నోడికి అది తెలుసు. తెలిసి సిగ్గుపడేవాడు కూడా.

ఆయనకు ఒక కన్ను ఏనాడో పోయింది. రెండో కంట్లో గడ్డ పెరిగింది. చూపు రోజురోజుకీ మసకబారుతూ వచ్చి, ఇప్పుడు కళ్ళు చెదిరే ఎండలో, మనిషెత్తు ఉన్నవి మాత్రమే ఆయనకు ఆనుతున్నాయి. ఫోన్ తెర, టీవీ తెర చూడబోతే కంట్లో కారం కొట్టినట్టు మండుతుంది, వెలుగు తప్ప ఇంకేమీ కనిపించదు. కన్ను తీసేయాలన్నారు డాక్టర్లు. ఉంచితే ప్రాణానికే ముప్పు అన్నారు. ఆయన విని, ఇంటికి వచ్చి, మర్నాడు పొద్దున్నే తమ్ముడి షాపుకి వచ్చాడు.

"ఒక పని చేసిపెట్టరా చిన్నోడా."

"చెప్పన్నా."

"మన పిచ్చుక మొహం మనిషెత్తున అచ్చు వేసి ఎండలో కట్టు. ఒక్కసారి చూసుకుంటాను."

పిచ్చుక ఆయన కూతురు. లేకలేక పుట్టింది, ఇల్లంతా కిచకిచలాడుతూ తిరుగుతుంది, అందుకే ఆ పేరు. ముందు పళ్ళు ఊడి బోసినోటితో తిరిగే రోజుల్లో తండ్రి చూపు చెదిరింది. తరవాత కొత్త పళ్ళు వచ్చాయి. వాటిలో ఒకటి తిన్నగా రాక, పక్కదాని మీద కాలేసుకుని కూర్చుంది. బళ్ళో పిల్లలు ఏడిపించారు. అప్పటి నుంచి పిల్ల నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆ సంగతి తల్లికి తెలుసు, బాబాయికీ పిన్నికీ తెలుసు. తండ్రికి ఎవరూ చెప్పలేదు, చెప్పవద్దని పిల్ల అందరి గడ్డాలూ పట్టుకుంది.

"పళ్ళెలా వచ్చాయే అని అడిగితే బాగా వచ్చాయి నాన్నా అంటుంది. నోరు పూర్తిగా తెరవకుండా అంటుందిరా, నాకు గొంతులో తెలుస్తుంది. ఏదో దాస్తోంది. అది ఏదైనా సరే, ఎలా ఉందో అలా నాకు చూపించు. ఒక్క గీత కూడా దిద్దకు. ఇన్నాళ్ళూ ఊళ్ళో వాళ్ళ మొహాలకి మెరుగులు పెట్టాను. నా పిల్ల మొహానికి వద్దు. నేను లోపలికి పట్టుకుపోయేది అదొక్కటే."

లోపలికి అంటే ఎక్కడికో చిన్నోడు అడగలేదు. తల వంచుకుని రోల్ చుట్టుకుంటూ నిలబడ్డాడు.

ఫోటో తీయడానికి పిల్లను ఒప్పించేసరికి అతని తల ప్రాణం తోకకొచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి నవ్వమంటే మూతి బిగించింది. జోకులు చెబితే చేయి అడ్డం పెట్టుకుంది. చివరికి కెమెరా పక్కన పెట్టి, ఎదురుగా నేల మీద కూలబడ్డాడు.

"నాన్న ఏమనుకుంటారు బాబాయ్?" అంది పిల్ల.

"ఏమనుకుంటాడు? ఎన్నో మొహాలు వేశాడు, అందరికీ ఒకటే పళ్ళ వరస వేశాడు. ఇలాంటి పన్ను ఒక్కటి వేసి ఉంటే ఒట్టు. చూసి మురిసిపోతాడు."

"నిజంగా?"

"నిజంగా."

 పిల్ల చేయి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు చికిలించి, ఉన్న పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. వంకర పన్ను అందరికంటే ముందు నిలబడి నవ్వింది. అంత చక్కటి ఫోటో చిన్నోడు తన జన్మలో తీయలేదు. అందులో ఒక్క గీత కూడా దిద్దలేదు.

నిదానంగా, కొత్త ఇంకు వచ్చాక వేద్దామనుకున్నాడు. మెజెంటా, అంటే మొహాల్లోకి రక్తం తెచ్చే ఆ గులాబి ఎరుపు, అడుగంటుతోంది. కొత్త కాట్రిడ్జ్ పంపమని సప్లయర్‌కి చెప్పాడు. అతను రేపు అన్నాడు. మర్నాడు అడిగితే మళ్ళీ రేపు అన్నాడు. ఈలోగా ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేసి, ఆపరేషన్ ముందుకు జరిపామని, సోమవారం తెల్లవారకముందే వచ్చి చేరాలని చెప్పారు. అంటే ఆయనకు మిగిలిన ఆఖరి ఎండ ఆదివారానిది.

శనివారం ఒక బడి వాళ్ళ బ్యానర్ మిషన్ మీద ఉంది. నిండా ఎరుపే. సగం అయ్యేసరికి మిషన్ మొత్తుకోవడం మొదలుపెట్టింది, కాసేపటికి ఆగిపోయింది. బడి ప్యూన్ గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. భార్య ఇంట్లో ఉంది. చిన్నోడు మెజెంటా బయటికి లాగి ఊపాడు. గలగలమంది. ఒకటికి రెండుసార్లు ఊపాడు. బ్యానర్‌లో మిగిలింది పోగా పిచ్చుక మొహానికి బొటాబొటిగా సరిపోతుందని చేయి చెప్పింది, అతని చేయి అలాంటి లెక్కల్లో ఎప్పుడూ తప్పలేదు. సొరుగు తెరిచాడు. రీసెట్టర్ తీసి చిప్‌కి ఆనించాడు. తెర మీద ఇంకు మట్టం చూపే మెజెంటా గొట్టం పైదాకా నిండిపోయింది.

మార్కర్ చేతిలోకి తీసుకున్నాడు. చుక్క పెడితే ఆమె చూస్తుంది. చూస్తే ఒట్టు సంగతి ఎత్తుతుంది. అన్న ఆపరేషన్ ముందు ఇంట్లో ఆ గొడవ ఎందుకని, మొహం అచ్చు అయ్యాక తనే చెప్పేద్దామని, మార్కర్ జేబులో పెట్టేసుకున్నాడు. చెడ్డ ఆలోచనగా అనిపించలేదు. ఇంటి శాంతి కోసం మగవాళ్ళు చేసే తప్పులన్నీ చేసేటప్పుడు మంచితనంలాగే ఉంటాయి.

ఆదివారం షాపు వెనక పెరట్లో తెల్ల గోడను మొగుడూ పెళ్ళాం కలిసి కడిగారు. మధ్యాహ్నం ఎండ ఆ గోడ మీద పడి, పక్క గోదాము నీడ వచ్చేదాకా ఉంటుంది. అక్కడ కట్టాలని అనుకున్నారు. వదిన ఆసుపత్రిలో మంచం సంగతి చూడటానికి వెళ్ళింది. అన్నను, పిల్లను స్కూటర్ మీద తీసుకురావడానికి చిన్నోడు బయల్దేరాడు.

"కాన్వాస్ ఎక్కించి నువ్వు మొదలుపెట్టు. నేను వచ్చేసరికి సగం అవుతుంది" అన్నాడు భార్యతో.

"మెజెంటా వచ్చిందా?"

"అది నేను చూసుకున్నాలే" అన్నాడు, తాళంచెవి వెతుక్కుంటున్నట్టు అటు తిరిగి.

అతను వెళ్ళాక ఆమె తెర చూసింది. మెజెంటా నిండుగా ఉంది. మూత తెరిచి కాట్రిడ్జ్ చూసింది. చుక్క లేదు. కొత్తది తెప్పించి పెట్టాడన్నమాట, మాట నిలబెట్టుకున్నాడన్నమాట అనుకుని, లోలోపల పొంగిపోయింది. అలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? ఇంకు నిండుగా ఉంది, వేసేది బావగారు ఆఖరుసారి చూసే బొమ్మ. మొహం మీద ఒక్క సన్నగీత కూడా పడకూడదని ఆమె హెడ్‌ని గట్టిగా శుభ్రం చేసే మీట నొక్కింది. ఆ శుభ్రత ఇంకుతోనే జరుగుతుంది. మిషన్ కాట్రిడ్జ్ నుంచి ఇంకు గటగటా లాగి, హెడ్ గుండా పోసి, అడుగున ఉన్న చెత్త డబ్బాలో పారబోస్తుంది. తృప్తి తీరక ఆమె ఇంకోసారి నొక్కింది. తరవాత దేవుణ్ణి తలచుకుని అచ్చు మొదలుపెట్టింది.

చిన్నోడు వాళ్ళను తీసుకొచ్చేసరికి పెరడంతా ఎండ పరుచుకుని ఉంది. అన్నను గోడకు ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడ్డం గీయించుకుని వచ్చాడు, పెళ్ళిచూపులకు వచ్చినట్టు. పిచ్చుక ఆయన భుజం మీద చేయి వేసి నిలబడింది.

"భయంగా ఉందా?" అన్నాడు ఆయన.

"నాకెందుకు భయం? నీకే ఆపరేషను."

"అది సరేలే. నేను అడిగేది దాని సంగతి కాదు."

 పిల్ల ఆయన భుజం మీది చేయి తీసి మెడ చుట్టూ వేసింది.

చిన్నోడు లోపలికి వెళ్ళి చూశాడు. జుట్టు వచ్చేసింది, నుదురు వచ్చింది, కళ్ళు వస్తున్నాయి. చికిలించిన ఆ కళ్ళు కొసల్లో ముడతలతో సహా దిగుతున్నాయి. భార్య చేతులు కట్టుకుని, ప్రసవం గది బయట నిలబడ్డ మనిషిలా చూస్తోంది.  అతనికి ఒక్కసారి కాట్రిడ్జ్ తీసి ఊపుదామనిపించింది, కాని అచ్చు మధ్యలో ఆపితే చార పడుతుంది. సరిపోతుందిలే అనుకుని, నిచ్చెన తీసుకురావడానికి వెనక్కి తిరిగాడు.

నిచ్చెన భుజానికి ఎత్తుకున్నప్పుడు మిషన్ చప్పుడు మారింది. వేరే ఎవరికీ తెలియనంత చిన్న తేడా. అతను నిచ్చెన పడేసి పరిగెత్తాడు. ముక్కు దగ్గర చర్మం ఆకుపచ్చకి తిరుగుతోంది. ఎరుపు లేని మొహం శవం మొహం. "ఆపు" అని అతను అనేలోపే మిషన్ ఒక్కసారి కీచుమని తనంతట తనే ఆగిపోయింది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఈసారి ఇంకు మాటే లేదు. హెడ్ పనిచేయడం లేదు, మార్చండి అని ఉంది. పక్కనే మెజెంటా గొట్టం నిండుగా మెరుస్తోంది.

అతను మూత తెరిచి కాట్రిడ్జ్ లాగి ఊపాడు. లోపల ఏ చప్పుడూ లేదు.

"కొత్తది కదండీ" అంది భార్య.

అతను కాట్రిడ్జ్‌ని చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు.

"కొత్తది కాదా?"

"నిన్న లెక్క చెరిపాను."

"చుక్క లేదే."

"పెట్టలేదు. నువ్వు చూస్తావని."

ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు. "నేను రెండుసార్లు శుభ్రం చేశానండీ," అంది మెల్లగా, "నిండుగా ఉంది కదా అని." అని అక్కడే, మిషన్‌కి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఎవరిది తప్పో తేల్చుకోవడానికి ఆ ఇద్దరికీ ఇక జీవితమంతా ఉంది. బయట ఎండకి మాత్రం అంత తీరిక లేదు.

అతను చేయని ప్రయత్నం లేదు. హెడ్ బయటికి తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, మళ్ళీ పెట్టాడు. మిషన్ కదలలేదు. మెకానిక్‌కి ఫోన్ చేస్తే, ఆ గుర్తు వచ్చిందంటే కాలిపోయినట్టేనని, కొత్త హెడ్ పై ఊరి నుంచి రావాలని చెప్పాడు. ఇలాంటి మిషన్ ఉన్న ఇంకో షాపు పెద్ద వీధి చివర ఉంది. స్కూటర్ మీద ఎగిరిపోయినట్టు వెళ్ళాడు. ఆదివారం, తాళం. ఓనరు పెళ్ళికని వేరే ఊరు వెళ్ళాడు, ఫోనులో "రేపు పొద్దున్నే వేసిస్తాను, పెళ్ళివారిలా కూర్చోబెట్టి మరీ వేసిస్తాను" అన్నాడు. రేపు అనే మాట వినగానే చిన్నోడు ఫోన్ పెట్టేశాడు. మూసిన షట్టర్ ముందు నిలబడి తల బాదుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి గోదాము నీడ గోడ మొదట్లోకి వచ్చేసింది.

"ఏరా, ఇంకా ఎంతసేపు?" అంది పెరట్లోంచి అన్న గొంతు. "ఎండ చల్లబడుతోంది. నా ఒంటికి తెలుస్తోంది."

ఇక చేసేదేముంది? వచ్చినంతవరకు, కింద ఖాళీతో సహా కోసి, ఇద్దరూ చెరో అంచూ పట్టుకుని పెరట్లోకి తెచ్చారు. నిచ్చెన ఎక్కి గోడకి కట్టారు. ముక్కు కొస దాకా పిచ్చుక, అక్కడి నుంచి కింద ఖాళీ కాన్వాస్. పిచ్చుక నోరు తెరుచుకుని చూసింది. పిన్ని మొహం చూసి నోరు మూసుకుంది.

అన్న లేచి నిలబడ్డాడు. తల అటూ ఇటూ తిప్పి, సరైన చోటు దొరికాక ఆగిపోయాడు. చాలాసేపు చూశాడు. చొక్కా జేబులోంచి రుమాలు తీసి, నీరు కారుతున్న కన్ను ఒత్తుకుని మళ్ళీ చూశాడు.

"కళ్ళు మా అమ్మాయివే," అన్నాడు. "అచ్చం చిన్నప్పటి కళ్ళే. భలే వేసిందిరా నీ మిషన్. ఏదీ, కింద మడత విప్పండి."

చిన్నోడు నిచ్చెన దిగాడు.

"మడత కాదన్నా," అన్నాడు చిన్నోడు. "అంతే వచ్చింది. మిషన్ కాలిపోయింది. నా వల్లే కాలిపోయింది."

అన్న రుమాలు జేబులో పెట్టుకున్నాడు. కాన్వాస్ దగ్గరికి వెళ్ళి, ముక్కు కింద ఖాళీని అరచేత్తో తడిమాడు, ఆ కొస నుంచి ఈ కొస దాకా.   చిన్నోడికి భూమి బద్దలై తనను మింగేస్తే బాగుండుననిపించింది. ఒక మనిషి కన్ను పోగొట్టుకుంటూ అడిగిన ఒక్క కోరిక, తను చేతులారా పాడుచేశాడు. దీనికి ప్రాయశ్చిత్తం కూడా లేదు.

"షాపులో రంగులేమున్నాయి?" అన్నాడు అన్న చివరికి.

"ఫ్రేములకి పూసే రెడ్ ఆక్సైడ్ ఉంది. తెలుపుంది, నలుపుంది."

"పట్రా. కుంచెలు ఏవైనా సరే. తల్లీ, నువ్వు అంచు గట్టిగా లాగి పట్టుకో."

మరదలు అంచు లాగి పట్టుకుంది. చిన్నోడు డబ్బాలు తెచ్చి మూతలు తీశాడు. అన్న ఒక్కో డబ్బా వాసన చూసి ఏది ఏదో తేల్చుకున్నాడు. ముక్కు కొస నుంచి జానతో కొలిచి, పెదవి ఎక్కడ రావాలో వేలితో గుర్తు పెట్టుకున్నాడు. ఆ తరవాత కుంచె ఆగలేదు. ఆయనకు కనిపించి వేస్తున్నాడో, కనిపించకుండా వేస్తున్నాడో తెలియదు, భుజం దాని దారిన అది కదిలిపోతోంది. పై పెదవి వంపు ఒక్క లాగుతో వచ్చింది. కింది పెదవి వచ్చింది. గడ్డం కింద నీడ పడింది. నీడతో పాటు గోదాము నీడ కూడా గోడెక్కుతోంది. ఆఖరున పళ్ళు వేశాడు. తెల్లగా, సమానంగా, ముత్యాలు కూర్చినట్టు ఒకటే వరస.

చిన్నోడు ఆ వరసను గుర్తుపట్టాడు. హాళ్ళ ముందు ప్రతి హీరోయిన్ నోట్లోనూ అన్న వేసిన పళ్ళవి. వేరే పళ్ళు ఆయన చేతికి రావు. ఎవరూ ఎప్పుడూ ఆయన్ని వేరే పళ్ళు అడగలేదు.

అన్న వెనక్కి నడిచి, స్టూలు కాలికి తగిలేదాకా వచ్చి, తల ఎత్తి చూశాడు. గోడ మీద పైసగం మాత్రమే ఎండ మిగిలి ఉంది. పళ్ళ వరస సరిగ్గా ఆ అంచున వెలుగుతోంది.

"ఇలాగేనా, పిచ్చుకా?"

పిల్ల గోడ వంక చూసింది. వంకర పన్ను లేని తన మొహాన్ని, అంత పెద్ద మొహాన్ని, పైనుంచి కిందికి చూసింది. తరవాత బాబాయి వంక చూసింది. ఏం చెప్పమంటావని ఆ కళ్ళు అడిగాయి. అతను చూపు తిప్పుకున్నాడు.

పిల్ల నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "ఇలాగే నాన్నా" అంది.

"నువ్వు చెప్పరా చిన్నోడా. మొహమాటానికి వద్దు."

ఒక్క క్షణం ఉంది. నిజం చెప్పడానికి ఆ క్షణం చాలు. చెబితే అన్న ఆ నవ్వును తుడిచేస్తాడు, దాని చోట వేయడానికి ఎండ ఉండదు, రేపటికి ఆ ఖాళీయే మిగులుతుంది.

"అచ్చం ఇలాగే అన్నా" అన్నాడు.

అన్న మొహం విప్పారింది. ఎన్నో నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ చూడని మొహం. "ఇంత చక్కటి నవ్వు పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎందుకే దాచావు?" అన్నాడు కూతురితో. "నేను ఏదేదో ఊహించుకుని హడలిపోయాను. పన్ను వంకరగా వచ్చిందేమో, నాతో చెప్పలేక దాస్తోందేమో అని. ఇక నాకే దిగులూ లేదు. వాళ్ళు తీసేసుకోనీ."

మరదలు కాన్వాస్ అంచు వదిలేసి అటు తిరిగి నిలబడింది. గోదాము నీడ గోడంతా కప్పేసింది. అన్న ఇంకా అటే చూస్తున్నాడు గాని, చూస్తున్నది గోడను కాదని అందరికీ తెలుస్తోంది. ఒక చేత్తో వెతుక్కుని కూతుర్ని దగ్గరికి లాక్కున్నాడు.

"ఏదీ, ఒకసారి నవ్వు" అన్నాడు.

పిచ్చుక నవ్వింది, ఆయనకు వినిపించేలా. ఆయనకు ఇక కనిపించదని తెలుసు. అయినా నోటికి అడ్డం పెట్టుకున్న చేయి తీయలేదు.